సముద్రపు గాలిలో ఏ బంతి మంచిది, దానికి ఏ బ్యాట్ కొనాలి

వేసవి సెలవులు దగ్గర పడగానే మా ఎంవీపీ కాలనీలో నన్ను ఆపి అందరూ ఒకటే అడుగుతారు. "మాస్టారూ, మావాడికి బ్యాట్ కొనాలి, ఏది కొనమంటారు?" జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి భౌతికశాస్త్రం చెప్పాను, ఆదివారం ఆట ఇప్పటికీ మానలేదు, అందుకని. నేను తిరిగి అడిగేదీ ఒకటే. "వాడు ఎక్కడ ఆడతాడండీ?"

విశాఖలో ఎంపిక అక్కడే మొదలవ్వాలి. బీచ్‌లో తడి ఇసుక మీద ఆడతాడా, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనా, ఎర్రమట్టి గ్రౌండులోనా, అకాడమీ నెట్స్‌లో మ్యాట్ మీదా? నేల ఏదో తేలితే బంతి తేలుతుంది. బంతి తేలాకే బ్యాట్. ముందు బ్యాట్ కొనేసి, ఆ తర్వాత దొరికిన బంతితో ఆడేసి, మూడు నెలలకే బ్యాట్ పగిలిందని బాధపడే పిల్లల్ని చాలామందిని చూశాను.

నేల కంటే ముందు మన ఊళ్లో గాలి సంగతి చూడాలి. మధ్యాహ్నం దాటితే సముద్రం మీద నుంచి గాలి లేస్తుంది. గంటకు 18 కిలోమీటర్లు, అంటే సెకనుకు 5 మీటర్ల గాలి మనకు కొత్త కాదు. అది పిచ్‌కి అడ్డంగా వీస్తోందనుకుందాం. ఒక కుర్రాడు గంటకు 108 కిలోమీటర్ల వేగంతో బంతి వేశాడు. ఆ వేగంలో గాలి బంతిని ఆపే బలం టెన్నిస్ బంతికీ తోలు బంతికీ దాదాపు సమానమే, సుమారు ఒక న్యూటన్. 100 గ్రాముల సబ్బుబిళ్ల అరచేతిలో పెట్టుకుంటే ఎంత బరువు తెలుస్తుందో అంత. తోలు బంతి సైజు కొంచెం పెద్దది, టెన్నిస్ బంతికి పైన నూగు ఉంటుంది. అక్కడికి అక్కడికి సరిపోయింది.

తేడా అంతా బరువులో ఉంది. టెన్నిస్ బంతి 56 నుంచి 59.4 గ్రాములు. మగవాళ్ల మ్యాచ్‌లో వాడే తోలు బంతి 155.9 నుంచి 163 గ్రాములు. అదే బలం మూడో వంతు బరువున్న వస్తువు మీద పడితే అది దాదాపు మూడు రెట్లు తొందరగా నెమ్మదిస్తుంది. లెక్క వేసి చూశాను. నేలను తాకకుండా 18 మీటర్లు వెళ్లేసరికి టెన్నిస్ బంతి వేగం 108 నుంచి సుమారు 73కి దిగిపోతుంది. తోలు బంతి 95 దగ్గర నిలబడుతుంది. అడ్డగాలికి టెన్నిస్ బంతి రెండడుగుల పైచిలుకు పక్కకు జరుగుతుంది. తోలు బంతి జరిగేది ఏడెనిమిది అంగుళాలే. మూడు స్టంపులూ కలిపి వికెట్ వెడల్పు 9 అంగుళాలని గుర్తు పెట్టుకుంటే ఆ రెండడుగులు ఎంత పెద్దవో తెలుస్తుంది. సాయంత్రం బీచ్‌లో మీవాడు వైడ్లు వేస్తున్నాడంటే వాడి చెయ్యి బాగోలేదని అనకండి. పిచ్‌ని గాలి వీచే దిక్కుకే గీసుకోమనండి, సగం వైడ్లు అక్కడే పోతాయి.

ఇప్పుడు ఇసుక. బీచ్‌లో ఎక్కడ పిచ్ వెయ్యాలో చెప్పడానికి మీ పాదం చాలు. అల వెనక్కి వెళ్లిన తడి ఇసుక మీద గట్టిగా అడుగు వెయ్యండి. పాదం చుట్టూ ఇసుక ఒక్కసారిగా పొడారినట్టు తెల్లబడుతుంది. కాలు తీస్తే అక్కడ నీళ్లు ఊరతాయి. ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త 1885లోనే దీనికి కారణం చెప్పాడు. ఒత్తుగా సర్దుకుని ఉన్న రేణువుల్ని నొక్కితే అవి ఒకదాని మీదికి ఒకటి ఎక్కి జరగాలి, జరిగితే మధ్యలో ఖాళీ పెరుగుతుంది, పైనున్న నీళ్లు ఆ ఖాళీలోకి దిగిపోతాయి. అంత ఒత్తుగా ఉన్న ఇసుకే బంతిని పైకి లేపుతుంది. పాదం కింద తెల్లబడే పట్టీలోనే పిచ్ వెయ్యండి. పైన పొడి ఇసుకలో ఏ బంతి వేసినా చచ్చిపోతుంది, రేణువులు జరగడంలోనే శక్తంతా ఖర్చైపోతుంది.

కానీ ఆ తడి పట్టీ మీద నూగు ఉన్న టెన్నిస్ బంతి అరగంట కూడా సరిగా ఉండదు. నూగు నీళ్లు తాగుతుంది, ఉప్పు, ఇసుక పట్టుకుంటుంది, బరువెక్కి బ్యాట్‌కి తడిగుడ్డలా తగులుతుంది. బీచ్ ఆటకి నా సలహా నున్నటి రబ్బరు బంతి లేదా సింథటిక్ బంతి. టెన్నిస్ బంతే కావాలంటే హార్డ్ టెన్నిస్ మూడు కొనండి. ఒకటి ఆటలో ఉంటే రెండు ఎండలో ఆరాలి.

లైట్ టెన్నిస్, హార్డ్ టెన్నిస్ తేడా చాలామందికి తెలీదు, షాపులో రెండూ పక్కపక్కనే ఉంటాయి. లైట్ అంటే ఇంచుమించు అసలు టెన్నిస్ బంతి బరువే. హార్డ్‌లో రబ్బరు గోడ దళసరిగా ఉంటుంది. కంపెనీని బట్టి 80 నుంచి 120 గ్రాముల దాకా దొరుకుతాయి. గాలికి లైట్ బంతి కంటే తక్కువ జరుగుతుంది, గట్టి నేల మీద ఎక్కువ రోజులు ఆడుతుంది. పదేళ్ల లోపు పిల్లలకి, సెల్లార్‌కి, వీధికి మాత్రం లైటే. అదే వేగంలో తోలు బంతి మోసుకొచ్చే శక్తి టెన్నిస్ బంతి కంటే దాదాపు మూడు రెట్లు. పైగా టెన్నిస్ బంతి తగిలినప్పుడు నొక్కుకుపోయి ఆ దెబ్బని కాస్త ఎక్కువసేపు పంచుతుంది, తోలు బంతి నొక్కుకోదు. ముఖానికి తగిలితే ఆ తేడా ఎంత ఘోరంగా ఉంటుందో నేను చూశాను. హెల్మెట్ లేకుండా తోలు బంతి వద్దు. పక్కింటి అన్నయ్యలు ఆడుతున్నారని అసలే వద్దు.

డబ్బాలో ప్రెషర్ పెట్టి వచ్చే అసలు టెన్నిస్ బంతులు, మూత తీస్తే బుస్సుమనేవి, క్రికెట్‌కి కొనకండి. వాటి ఎగురు లోపలి గాలిది. ఆ గాలి రబ్బరులోంచి మెల్లగా కారిపోతుంది, కొన్ని వారాలకే బంతి మెత్తబడుతుంది. మామూలు బంతిని కొనేముందు పరీక్షించడం తేలికే. టెన్నిస్ నియమాల ప్రకారం 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్లు లేవాలి. అంటే సగం దాటి ఇంకొంచెం. షాపు గడపలో రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలి చూడండి, మీ బొడ్డు దాకా వస్తే బాగున్నట్టు, మోకాలు దాటకపోతే పెట్టేసి ఇంకోటి అడగండి. ఒకే పెట్టెలోంచి తీసిన ఆరింటిని ఇలా చూస్తే రెండు మూడు తేడాగా ఉంటాయి. ఇలా చూస్తే షాపువాళ్లు విసుక్కోరు, నేను చాలాసార్లు చూశాను.

కార్క్ బంతి గురించి ఒక్క మాట. తోలు బంతి బరువుంటుంది, తోలు బంతి కంటే చవక, అందుకని కొంటారు. నేను కొనొద్దంటాను. దానికి సరైన సీమ్, అంటే మధ్యలో లేచి ఉండే కుట్ల పట్టీ, ఉండదు, చేతికి దెబ్బ ఎక్కువ, బ్యాట్ అంచుల్ని కొరికేస్తుంది. బంతిలో మిగిల్చిన డబ్బుకి పదింతలు బ్యాట్‌లో పోతుంది.

ఇక తోలు బంతి, మన పిల్లలు డ్యూస్ బంతి అనేది. ఇందులో ముందు తేల్చుకోవాల్సింది టూ పీసా, ఫోర్ పీసా అని. టూ పీస్‌లో రెండు తోలు ముక్కల్ని మధ్యలో కుట్టేస్తారు. ఫోర్ పీస్‌లో ఒక్కో సగాన్ని రెండు ముక్కలు కలిపి చేస్తారు, అందుకే సీమ్‌కి అడ్డంగా ఇంకో సన్నటి అతుకు కనబడుతుంది. మంచి ఫోర్ పీస్‌లో కార్క్ మధ్యన ఉండి చుట్టూ ఊలు దారం పొరలుగా ఉంటుంది, చాలాసేపు గుండ్రంగానే ఉంటుంది. నెట్స్‌కి, మ్యాట్‌కి టూ పీస్ చాలు. మ్యాట్ మీద ఎంత మంచి తోలైనా గరుకెక్కిపోతుంది, ఫోర్ పీస్ అక్కడ అరగదీయడం డబ్బు దండగ. మ్యాచ్‌లకి మాత్రం ఫోర్ పీసే. మీ పాప ఆడుతుంటే మగవాళ్ల బంతి కొనకండి, ఆడవాళ్ల మ్యాచ్ బంతి 140 నుంచి 151 గ్రాములే ఉంటుంది. పదమూడేళ్ల లోపు పిల్లల బంతి ఇంకా తేలిక. చిన్న వేళ్లకి పెద్ద బంతి ఇస్తే సీమ్ పట్టుకోవడం రాదు, చెడు పట్టు అలవాటైపోతుంది.

సీమ్‌ని ఇంతగా ఎందుకు పట్టించుకోవాలంటే, స్వింగ్, అంటే బంతి గాలిలోనే పక్కకి తిరగడం, అంతా అక్కడే ఉంది. ఎగురుతున్న బంతిని అంటిపెట్టుకుని పలుచటి గాలి పొర ఒకటి జారుతూ ఉంటుంది. సీమ్‌ని కొంచెం వాలుగా పెడితే, సీమ్ ఉన్న వైపు ఆ పొర కుట్లకి తగిలి కలత పడుతుంది. కలత పడిన పొర బంతిని ఎక్కువ దూరం అంటుకుని ఉంటుంది, నున్నటి వైపు పొర ముందే ఊడిపోతుంది. దాంతో వెనకాల వచ్చే గాలి ఒక పక్కకి ఒరుగుతుంది, బంతి సీమ్ చూపించే దిక్కుకి ఒరుగుతుంది. నాసాలో పనిచేసిన రబీంద్ర మెహతా ఈ విషయం మీద ఏళ్ల తరబడి గాలి సొరంగాల్లో (విండ్ టన్నెల్స్) పరిశోధన చేశారు.

బంతి పాతబడి ఒక వైపు గరుకెక్కాక, వేగం కూడా తోడైతే కథ తిరగబడుతుంది. గరుకు వైపు పొర సీమ్ దాకా రాకముందే కలత పడిపోతుంది. అప్పుడు సీమ్ దానికి సాయం చెయ్యదు, ఇంకా దళసరి చేసి తొందరగా ఊడగొడుతుంది. బంతి ఎదురు దిక్కుకి, నున్నటి వైపుకి తిరుగుతుంది. దాన్నే రివర్స్ స్వింగ్ అంటాం. 2024 ఫిబ్రవరిలో మన పీఎం పాలెం స్టేడియంలో ఇంగ్లండ్‌తో జరిగిన టెస్టులో బుమ్రా తొలి ఇన్నింగ్స్‌లో 45 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. ఇంగ్లండ్ బ్యాటర్ ఒలీ పోప్ స్టంపులు ఎగిరిపోయిన ఆ యార్కర్ గుర్తుందా? లోపలికి తిరిగిన తిరుగుడు ఈ గరుకు వైపు, నున్నటి వైపు లెక్కే. అందుకే పిల్లలకి చెబుతాను, బంతిని రెండు వైపులా రుద్దకండి, ఒకే వైపు మెరిపించండి.

ఇక్కడే మన ఊళ్లో అందరూ నమ్మే మాట ఒకటుంది. సముద్రం పక్కన తేమ ఎక్కువ, గాలి బరువెక్కుతుంది, అందుకే స్వింగ్ అని. గాలి బరువెక్కదు. నీటి ఆవిరి అణువు బరువు 18, నైట్రోజన్‌ది 28, ఆక్సిజన్‌ది 32. ఆవిరి చేరిన కొద్దీ వీటికి చోటు తగ్గుతుంది, గాలి కాస్త తేలికవుతుంది. కాబట్టి తేమని నమ్ముకుని నాసిరకం బంతి కొనకండి. నిటారుగా లేచిన సీమ్ ఉన్నది కొనండి. గోటితో కుట్ల మీద గీస్తే టకటకమని తగలాలి.

మన దేశంలో టెస్టులకి వాడే ఎస్‌జీ బంతికి, ఇంగ్లండ్ డ్యూక్స్‌కి సీమ్‌లో ఆరు వరుసల కుట్లూ చేత్తోనే వేస్తారు. ఆస్ట్రేలియా కూకబురాలో మధ్యన రెండు వరుసలే చేతివి, మిగతా నాలుగూ మెషీన్‌వి, అందుకే దాని సీమ్ తొందరగా అణిగిపోతుంది. మన గ్రౌండ్లకి చేతికుట్టు బంతే మేలు.

ఇప్పుడు బ్యాట్‌కి వద్దాం. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. టెన్నిస్ బంతి ఆడే పిల్లాడికి ఇంగ్లిష్ విల్లో, అంటే ఇంగ్లండ్ విల్లో చెట్టు కట్టెతో చేసిన బ్యాట్, కొనిస్తారు కొందరు. నేను గట్టిగా వద్దని చెబుతాను. టెన్నిస్ బంతి బ్యాట్‌కి తగిలినప్పుడు నొక్కుకునేది బంతే, బ్యాట్ ముఖం దాదాపు కదలదు. శక్తి పోయేదీ బంతిలోనే. బ్యాట్ కట్టె ఎంత మంచిదైనా ఆ నష్టాన్ని వెనక్కి తేలేదు. తోలు బంతి గట్టిది కాబట్టి తాకిడిలో కట్టె కూడా నొక్కుకుని తిరిగి లేస్తుంది, అక్కడే మంచి విల్లోకి విలువ.

బరువు సంగతీ అంతే. లెక్క సులువు కోసం 1,100 గ్రాముల బ్యాట్, 1,300 గ్రాముల బ్యాట్ ఒకే వేగంతో ఊపారనుకుందాం. నిలబడి ఉన్న టెన్నిస్ బంతికి 200 గ్రాముల అదనపు బరువు ఇచ్చే వేగం ఒక శాతం కూడా ఉండదు. తోలు బంతికి రెండు శాతం ఉంటుంది. ఆ అదనపు బరువుతో పిల్లాడి చెయ్యి ఆలస్యమైతే పోయే వేగం దానికి ఎన్నో రెట్లు. టెన్నిస్ ఆటకి తేలికైన కాశ్మీర్ విల్లో లేదా వెనక చెక్కి తేలిక చేసిన హార్డ్ టెన్నిస్ బ్యాట్ తీసుకోండి. తోలు బంతికి మొదటి రెండేళ్లు మంచి కాశ్మీర్ విల్లో చాలు. వాడు ఆటలో నిలబడ్డాడు, జిల్లా స్థాయి మ్యాచ్‌లు ఆడుతున్నాడు అంటే అప్పుడు ఇంగ్లిష్ విల్లో.

రెండూ ఒకే జాతి చెట్టు నుంచి వచ్చేవే. ఇంగ్లిష్ విల్లో తెల్లగా, తేలికగా ఉంటుంది, గీతలు తిన్నగా స్పష్టంగా కనబడతాయి. కాశ్మీర్‌ది కాస్త గోధుమరంగు, బరువు ఎక్కువ. స్టిక్కర్ చూడకండి, స్టిక్కర్ కింద కట్టె చూడండి. గీతలు ఎక్కువుంటే మంచి బ్యాట్ అన్న మాట కూడా పూర్తిగా నమ్మకండి.

కాటా మీద బరువు ఒకటే ఉన్న రెండు బ్యాట్లు చేతిలో ఒకేలా ఉండవు. మొన్న ఇలాగే ఒక కుర్రాడితో షాపుకి వెళ్లాను. రెండు బ్యాట్లూ 1,160 గ్రాములే చూపించాయి. "రెండూ ఒకటే కద మాస్టారూ, చవకది తీసుకుంటాను" అన్నాడు. "ఒక్క చేత్తో పట్టుకుని ముందుకి చాచరా" అన్నాను. పైచేత్తో పిడి పట్టుకుని చాచాడు. మొదటి దానితో పది అంకెలు లెక్కపెట్టేసరికి మొన కిందికి వాలిపోయింది, మణికట్టు వణికింది. రెండోది ఇరవై దాటినా అలాగే నిలబెట్టాడు. మొదటి దానిలో కండ, అంటే కట్టె దళసరిగా ఉండే భాగం, మొన వైపుకి ఉంది, రెండోదానిలో కాస్త పైకి ఉంది. బరువు చేతికి ఎంత దూరంగా ఉంటే తిప్పడం అంత కష్టం. దూరం రెట్టింపైతే ఆ కష్టం నాలుగింతలు. రెండోదే తీసుకున్నాడు. ఆ రోజు తేడా రెండు వందల రూపాయలే, మనసులో ఎంత పెద్దగా అనిపించిందో వాడి ముఖంలో కనబడింది.

మన ఊరి గాలికి బ్యాట్ కాపాడుకోవడం కూడా ఎంపికలో భాగమే. విల్లో తేమ తాగుతుంది. మా వీధిలో ఒక అబ్బాయి ఖరీదైన బ్యాట్ కొని తడి ఇసుకలో ఆడాడు, గార్డ్ తీసుకుంటూ మొనతో ఇసుకని టపటపా కొట్టేవాడు. వానాకాలం అయ్యేసరికి మొన ఉబ్బి పీచులు లేచింది. తిరిగి ఇవ్వబోతే అమ్మినవాళ్లు మా తప్పు కాదన్నారు. నిజమే, కానీ కొన్నప్పుడు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. బీచ్‌కి ప్లాస్టిక్ బ్యాట్ పట్టుకెళ్లండి. విల్లోకి మొన కింద రబ్బరు గార్డ్ అతికించండి, ముఖానికి అవిసె నూనె పలుచగా రాయండి, కొత్తదాన్ని చెక్క సుత్తితో కొన్ని గంటలు మెల్లగా కొట్టి పాత తోలు బంతికి అలవాటు చెయ్యండి. మే ఎండలో కారు డిక్కీలో పెట్టకండి, ఈసారి ఎండిపోయి చీలుతుంది.

వాలీబాల్ కొనేవాళ్లకి ఒక్కటే జాగ్రత్త. ఇండోర్ బంతి, బీచ్ బంతి వేరు వేరు, బరువు మాత్రం రెండింటిదీ 260 నుంచి 280 గ్రాములే. బీచ్ బంతి చుట్టుకొలత ఒక సెంటీమీటరు ఎక్కువ. లోపలి ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి 0.175 నుంచి 0.225 కిలోలే, ఇండోర్‌ది 0.300 నుంచి 0.325. మెత్తగా ఉండి చేతికి నొప్పి తక్కువ, తడికి తట్టుకునేలా కుట్టి ఉంటుంది. రుషికొండ బీచ్‌లో ఆడేవాళ్లు ఇండోర్ బంతి తీసుకెళ్తే కొన్ని నెలలకే ముక్కలు ఊడొస్తాయి.

ఫుట్‌బాల్‌లో ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకి సైజు 4, పెద్దవాళ్లకి సైజు 5. గులకరాళ్ల గ్రౌండులో అచ్చు పోసిన రబ్బరు బంతి తీసుకోండి, పచ్చికలో అయితే కుట్టినది. మరీ నున్నటి బంతి గాలిలో తడబడుతుంది. 2010 ప్రపంచకప్‌లో ఎనిమిది ముక్కల జబులానీ అనే బంతి గోల్‌కీపర్లని ఏడిపించింది అందుకే. ఏసీ గదిలో గాలి నింపి మధ్యాహ్నం ఎండలో పెట్టకండి. 24 డిగ్రీల్లో నింపిన బంతి 50 డిగ్రీలకి వేడెక్కితే పంపు గేజ్ చూపే ప్రెషర్ ఇంచుమించు ఐదో వంతు పెరుగుతుంది, కుట్లు లాగేస్తుంది.

షటిల్ అడిగేవాళ్లు కూడా చాలామంది. హాల్లో ఆడితే ఈక షటిల్, మేడ మీద అయితే నైలాన్. ఈకది 16 ఈకలు, బరువు 5 గ్రాముల దగ్గర. మన తేమ ఈకకి మంచిదే, పొడిగా ఉంటే అది పెళుసుబారి విరుగుతుంది. డబ్బా మీద 76, 77 అని అంకెలుంటాయి, చిన్న అంకె నెమ్మది. వేడికి గాలి పలుచబడి షటిల్ దూరం పోతుంది కాబట్టి వేసవిలో చిన్న అంకె తీసుకోండి. అదే షటిల్‌ని అరకు పట్టుకెళ్లి ఆడితే ఎత్తు వల్ల ఇంకా దూరం వెళ్లి గీత దాటుతుంది. నైలాన్‌లో కింది కార్క్ గుండు చుట్టూ పట్టీ రంగు చూడండి, ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం. మనకి వేసవిలో ఆకుపచ్చ, మిగతా రోజుల్లో నీలం సరిపోతుంది. అయితే పైనుంచి పడుతున్న షటిల్ సెకనుకి 7 మీటర్ల లోపే దిగుతుంది, మన సముద్రపు గాలి దానికి ఇంచుమించు సమానంగా పక్కకి నెడుతుంది. ఆ గాలికి ఏ రంగూ పనిచెయ్యదు. మేడ మీద ఆడాలంటే పొద్దున్నే ఆరింటికే నెట్ కట్టి, గాలి తిరగకముందే ఆట ముగించండి.